నల్ల ముల్లు

అద్దాల ఫ్యాక్టరీలో కొండల్లాంటి మగాళ్ళందరూ ఒక్క ఆడమనిషిని చూసి జంకేవాళ్ళు. ఆమె చూస్తే గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేట్టు ఉండేది. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ విని ఎరగరు. కానీ ఆమె 'సరే' అంటేనే మనిషి పెద్ద అద్దాల వైపు వెళ్ళేది. ఆమె పెదవి విరిచిందంటే తిన్నగా ప్యాకింగు గదికే. అక్కడ అట్టపెట్టెలకి టేపు అంటించుకుంటూ కూర్చోవడం కన్నా నామర్దా ఆ ఫ్యాక్టరీలో ఇంకోటి లేదు. అందుకని చాటున ఆమెని 'కొలతలమ్మ' అనుకునేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం 'మేడం, మేడం' అంటూ దారి ఇచ్చేవాళ్ళు.

మనుషుల కండబలం కొలవడం ఆమె పని. బట్టలు మార్చుకునే గది పక్కనే ఆమెకో చిన్న గది ఉండేది. నేల మీద రబ్బరు పట్టా, దాని మీద ఇనప పలక, పలకకి బిగించిన గొలుసు, గొలుసు చివర అడ్డంగా ఓ పిడి, మధ్యలో గడియారంలాంటి డయలు. పలక మీద రెండు కాళ్ళూ ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, నడుం నిటారుగా ఉంచి, పిడి పట్టుకుని పైకి లాగాలి. గొలుసు పిసరంత కూడా కదలదు. కదిలేది డయల్లో ముల్లే. ఆ ముళ్ళు కూడా రెండు. నల్లది మనిషి బలంతో పాటు లేస్తుంది, బలం తగ్గగానే దిగిపోతుంది. లేచేటప్పుడు ఎర్ర ముల్లుని నెట్టుకుంటూ పోతుంది. ఎర్రది ఎంతదాకా వెళ్ళిందో అక్కడే ఆగిపోతుంది, చేత్తో వెనక్కి తిప్పితే తప్ప దిగదు.

అందరి కళ్ళూ ఎర్ర ముల్లు మీదే. దాని మీదే పందేలు, దాని మీదే వేళాకోళాలు. ఫ్యాక్టరీ వాళ్ళకి కావలసింది కూడా అదొక్కటే. కొలతలమ్మ మాత్రం నల్ల ముల్లుని చూసేది. పైకి వెళ్ళాక అది నిలబడుతుందా, వణుకుతుందా, రాయిలా కిందికి పడిపోతుందా అని చూసేది. ఈ సంగతి మేనేజరుకి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

"ఒక్క ఊపులో ఎంత ఎత్తగలడన్నది ఒక సంగతి సార్. ఎత్తినదాన్ని ఎంతసేపు మొయ్యగలడన్నది ఇంకో సంగతి. రెండూ ఉంటేనే కండ బాగున్నట్టు. ఒకసారి గట్టిగా అరిచినంత మాత్రాన వాడు కచేరీ చేస్తాడని చెప్పలేం కదా."

మేనేజరు రెండు చేతులూ జోడించేవాడు. "ఒక నంబరుకే నా బుర్ర తిరుగుతోంది మేడం. రెండోది ఇవ్వకండి."

ఆ ఫ్యాక్టరీలో ఎర్ర ముల్లుని అందరికన్నా పైకి నెట్టే మనిషి పేరు ఉడుం. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి కూడా గుర్తుండేది కాదు. పట్టుకున్నది వదలడు కాబట్టి ఉడుం. కోత షెడ్డు నుంచి మెరుగు షెడ్డుకి వెళ్ళే దారిలో ఒక ఏటవాలు ఉంది, దాని మధ్యలో ఒక మలుపు. అక్కడికి క్రేను రాదు. గోడంత అద్దాలు కూడా అక్కడ మనుషుల చేతుల మీదుగానే పైకి పోవాలి. అద్దాన్ని నిలువుగా పట్టుకుని, అతుక్కునే రబ్బరు పిడులు తగిలించి, ముందొకడు, వెనకొకడు నడుస్తారు. అలా నడిచే జతల్లో ఉడుం జతకి తిరుగులేదు. జతలో రెండోవాడు ఉడుం సొంత తమ్ముడు. వాణ్ణి అందరూ 'తమ్ముడు' అనే పిలిచేవాళ్ళు, మేనేజరుతో సహా. ఆ తమ్ముడు కొలతలమ్మ మొగుడు.

అంటే ఉడుం ఆమెకి బావగారు. తండ్రి పోయాక తమ్ముణ్ణి కొడుకులా పెంచినవాడు. ఫ్యాక్టరీలో ఈమెని చూసి, "మా ఇంటికి వస్తావా అమ్మాయ్, మావాడు మంచోడు, కాస్త బద్ధకం అంతే" అని మొహమాటం లేకుండా అడిగి పెళ్ళి కుదిర్చినవాడూ ఆయనే. కట్టుకున్న మొగుణ్ణి ఆమె కొలవకూడదన్నది ఫ్యాక్టరీ రూలు. తమ్ముణ్ణి మధ్యాహ్నం షిఫ్టులో వచ్చే ఇంకో ఆయన కొలిచేవాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి ఆయన పేరు పెన్సిలు. బావగారి విషయంలో అలాంటి రూలేం లేదు.

ఆ రోజు ఉదయం ఉడుం యథాప్రకారం పలకెక్కాడు. "కొత్త గొలుసు తెప్పించి పెట్టుకున్నావా అమ్మాయ్, ఇది ఈరోజుతో ఆఖరు" అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. పిడి పట్టుకుని లాగాడు. ఎర్ర ముల్లు ఎప్పటి చోటికే వెళ్ళి ఆగింది. వెనకనుంచి ఈలలు.

కొలతలమ్మ ఈలలు వినలేదు. నల్ల ముల్లు పైకి వెళ్ళిన మరుక్షణం సగానికి జారిపోయింది. చెట్టెక్కినవాడి కాలికింద కొమ్మ విరిగినట్టు.

"బావగారూ, ఇంకోసారి లాగండి."

"ఎర్రది చాల్లేదా?"

"ఎర్రది బాగానే ఉంది. ఈసారి లాగి అలాగే పట్టుకోండి. నేను చాలనేదాకా."

ఉడుం ఆమెకేసి ఒక చూపు చూసి, పిడి అందుకున్నాడు. ముల్లు లేచింది. ఆయన మెడ నరాలు తాళ్ళలా తేలాయి. ముంజేతి మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండ దానంతటది కదలడం ఆమె చూసింది. రెండు మణికట్లకీ పాత గుడ్డ చుట్టి ఉంది, చొక్కా చేతులు దాని మీదికి లాక్కుని ఉన్నాడు. నల్ల ముల్లు గజగజ వణికి, కిందికి వచ్చేసింది.

"రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదులే" అన్నాడు ఉడుం, చెమట తుడుచుకుంటూ. ఈ మాట అనేటప్పుడు ఆయన ఆమెవైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడికి చెప్పింది. అతను కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు. పక్కన నేల మీద కూతురు బొమ్మ గీసుకుంటోంది. ఒక్కక్షణం కుదురుగా ఉండదు కాబట్టి దాన్ని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు.

"బావగారి చేతులు బాగాలేవండీ. ఒక్కసారి లాగితే గట్టిగానే లాగుతున్నారు, నిలబెట్టుకోలేకపోతున్నారు. మీ జతలో ఏమైనా తేడా కనిపించిందా మీకు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. పెట్టడం కాదు, దించాడు, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు.

"అన్నయ్య జోలికి వెళ్ళకు" అన్నాడు.

"జోలికి వెళ్ళడం ఏంటండీ? అద్దం జారితే ఎవరి మీద పడుతుంది? రెండో చివర ఉన్నది మీరే కదా?"

"అన్నయ్య పట్టు జారదు. చెప్పాను కదా, వెళ్ళకు."

అతను అంత కటువుగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. అన్నంటే ప్రాణం కాబట్టి ఉక్రోషం వచ్చిందనుకుంది. మర్నాడు ఉదయం అతనే దగ్గరికొచ్చి, చొక్కా గుండీలు పెట్టమని గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. కొన్నాళ్ళుగా ఇదో కొత్త ముచ్చట. పెళ్ళైన ఇన్నేళ్ళకి మొగుడు కొత్త పెళ్ళికొడుకులా గుండీలు పెట్టించుకుంటుంటే ఏ పెళ్ళానికి మాత్రం బాగుండదు? తోడికోడలికి ఈ మాట చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆమె గుండీలు పెడుతూ, "కోపం పోయిందా?" అంది. అతను ఆమె నెత్తి మీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆమె బావగారి మీద ఓ కన్నేసి ఉంచింది. చూసేకొద్దీ గుబులు పెరిగింది. ఏటవాలు దగ్గర ప్రతి జతా చివర్లు మార్చుకునేది, ఈ విడత నువ్వు వెనక, వచ్చే విడత నేను వెనక అని. ఏటవాలు ఎక్కేటప్పుడు బరువంతా వెనకవాడి మీదే పడుతుంది. ఉడుం ఇప్పుడు చివర మార్చుకోవడం మానేశాడు. ప్రతి విడతా వెనక ఆయనే. అడిగితే, "పెద్దోణ్ణి, నాకు వెనకే గౌరవం" అని నవ్వాడు. ఆదివారం వాళ్ళింటికి వెళితే సీసా మూత తిప్పలేక తువ్వాలు చుట్టి తిప్పుతూ కనిపించాడు. పిచ్చుక "పెదనాన్నా, ఎత్తుకో" అని చేతులు చాస్తే, వంగి బుగ్గ గిల్లి వదిలేశాడు. ఇంతకుముందు దాన్ని ఒంటిచేత్తో నెత్తికెత్తుకునేవాడు.

"ఆయనకి చేతులు లాగేస్తున్నాయంటారు, వేణ్ణీళ్ళు కాచమంటారు. డాక్టరు దగ్గరికి పదండి అంటే పులిలా లేస్తారు" అంది తోడికోడలు వంటింట్లో, గొంతు తగ్గించి. "నువ్వైనా చెప్పవే."

చెప్పడానికి ఆమెకి తొందరగానే వీలు చిక్కింది. అదే ఏటవాలు మీద ఇంకో జత చేతుల్లోంచి ఓ అద్దం జారి, ఒకతని పాదం నుజ్జయింది. అతని ఎర్ర ముల్లు అంతకు ముందు వారమే బ్రహ్మాండంగా ఉంది. మేనేజరు ముఖం వేలాడేసుకుని కొలతల గదికి వచ్చాడు.

"మీరే గెలిచారు మేడం. నిలబెట్టే పరీక్ష కూడా పెట్టండి. పెద్ద అద్దాలు మోసేవాళ్ళందరికీ. ఎవడైనా సరే, నిలబెట్టలేకపోతే పక్కకి తప్పించండి."

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. లోపల ఎక్కడో చిన్న సంబరం కూడా కలిగింది. పరీక్ష ఎలా ఉండాలో ఆమే నిర్ణయించింది. ఎవరి ఎర్ర ముల్లు ఎంతదాకా వెళితే అందులో సగం దగ్గర నల్ల ముల్లుని నిలబెట్టాలి, ఏటవాలు ఎక్కడానికి పట్టేంతసేపు. అంతే. మొగుడి పరీక్ష మాత్రం ఆగింది. పెన్సిలు కూతురి పెళ్ళని సెలవు మీద ఉన్నాడు. "రూలు రూలే. ఆయన వచ్చాకే నాది" అన్నాడు తమ్ముడు. ఆమెకీ అది సబబుగానే తోచింది. మొగుణ్ణి తనే పాస్ చేసిందని ఎవరైనా వేలెత్తి చూపితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

పరీక్ష ముందురోజు ఫ్యాక్టరీకి సెలవు, ఆ మధ్యాహ్నం ఉడుం ఆమె ఇంటికొచ్చాడు. తమ్ముడు కూరగాయలకి వెళ్ళిన సమయం చూసుకుని వచ్చాడని ఆమెకి తర్వాత తట్టింది. కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గోడ మీద తన తండ్రి ఫోటో ఉంది. దానివైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"రేపు నేను నిలబెట్టలేను అమ్మాయ్" అన్నాడు.

"నాకు తెలుసు బావగారూ."

"నన్ను తప్పించెయ్యి. నేనేం అనుకోను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. అరుస్తాడేమో, బతిమాలతాడేమో అని రెండు రోజులుగా కూడగట్టుకున్న మాటలన్నీ అక్కర్లేకుండా పోయాయి.

"కానీ వాణ్ణి కూడా తప్పించు" అన్నాడు ఉడుం. "నాతోపాటే. ఇద్దర్నీ ఒకేసారి."

"ఆయన్నెందుకు?"

"మేమిద్దరం జత. ఉంటే ఇద్దరం, లేకపోతే ఇద్దరం వద్దు."

"బావగారూ, అదేం మాట? ఆయనింకా చిన్నవాడు. పెద్ద అద్దాల పని అంటే ఆయనకెంత ఇష్టమో మీకు తెలీదా?"

"తెలుసు" అన్నాడు ఉడుం. "అందుకే నీకు చెబుతున్నా. వాడు నా మాట వినడు."

"కారణం లేకుండా ఎలా తప్పిస్తాను? ఏమని చెప్పను?"

ఉడుం నోరు తెరిచాడు. గొంతు దాకా వచ్చిందేదో మింగలేక, కక్కలేక ఆయన పడుతున్న అవస్థ ఆమె కళ్ళారా చూసింది. చూసి, తన వైభవం పోతుంటే తమ్ముడొక్కడే అక్కడ మిగలడం పెద్దాయనకి కష్టంగా ఉంది కాబోలు అనుకుంది. అంత మంచి మనిషిలో అంత చిన్న బుద్ధి చూడటం ఆమెకి బాధేసింది. జాలి కూడా వేసింది.

"టీ చల్లారిపోతోంది, తాగండి" అంది.

ఉడుం టీ తాగకుండానే లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఒట్టు వేయించుకున్నవాడికి ఏం పోతుంది, వేసినవాడికే నరకం" అని గొణిగి వెళ్ళిపోయాడు. ఎవరికేసిన ఒట్టో, దేని గురించో ఆమె అడగలేదు. బయట పిచ్చుక కిందపడి ఏడుస్తూ లోపలికి రావడంతో ఆ మాట అక్కడే ఉండిపోయింది.

మర్నాడు గది నిండా మనుషులు. ఉడుం పలకెక్కాడు. ఎర్ర ముల్లు ఎప్పటిలాగే అందరికన్నా పైన. ఆ తర్వాత నిలబెట్టే పరీక్ష. ఆయన పళ్ళు బిగించి పట్టుకున్నాడు. కొలతలమ్మ ఒక చేత్తో గడియారం పట్టుకుని, మనసులో 'ఇంకాస్త, ఇంకాస్త' అనుకుంటూనే ఉంది. ఏటవాలులో సగం దూరం కూడా పట్టనంత సేపట్లో ముల్లు ఒరిగిపోయింది. గదిలో ఎవరూ నవ్వలేదు. పిడి గొలుసుతో సహా నేలకి తగిలిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ప్యాకింగు, బావగారూ" అంది ఆమె.

గుంపు వెనక తన మొగుడు తలుపు చట్రాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నకి జరిగిన అవమానానికి అనుకుంది.

తమ్ముడికి కొత్త జత కుదిర్చారు. నోరు మూతపడని మనిషి, గంట అని పేరు. బలానికి బలం, పరీక్షలో ముల్లుని రాయిలా నిలబెట్టాడు. మొదటిరోజు చిన్న అద్దాలే వచ్చాయి. రెండో రోజు కూడా అంతే. ఇంట్లో తమ్ముడు మాటాపలుకూ లేకుండా తిరిగాడు. అన్నంలో చెంచా వేసుకుని తింటున్నాడు. అదేంటంటే, "చేతికి గాజు గీసుకుంది" అన్నాడు. ఆమె చెయ్యి చూపించమంటే, అతను పిచ్చుకని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

మూడో రోజు ఉదయం గుండీలు పెట్టించుకున్నాక కూడా అతను కదల్లేదు.

"పెన్సిలు ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

"సోమవారం. ఏం?"

"ఏం లేదు. నన్ను..." అని ఆగాడు. "నన్ను నువ్వే కొలిస్తే ఏం చేస్తారు?"

"ఉద్యోగం పీకుతారు" అంది ఆమె నవ్వుతూ. "రూలు రూలే అన్నది మీరేగా?"

అతను కూడా నవ్వాడు. బయట ఫ్యాక్టరీ బస్సు హారను కొట్టింది.

పెద్ద అద్దం వచ్చింది ఆ రోజే. ఏదో హోటలు ముందుభాగానికట, షెడ్డు తలుపులోంచి ఏటవాలుగా వంచితే గాని బయటికి రాలేదు. కొలతలమ్మ అప్పుడు తన గదిలో ఒక కొత్త కుర్రాడికి నడుం ఎలా నిటారుగా ఉంచాలో చూపిస్తోంది. కిటికీలోంచి ఏటవాలు పైకొస లీలగా కనిపిస్తుంది. గంట గొంతు వినిపిస్తోంది, "నేను పోయినసారి వెనక పట్టా, ఈసారి నువ్వు పట్టాలి తమ్ముడూ, న్యాయం న్యాయమే!" ఆ మాట చెవిన పడి దాటిపోయింది. ఆమె కుర్రాడి భుజాలు సరిచేసింది. "కుదుపు ఇవ్వకూడదు బాబూ, మెల్లిగా లాగాలి. కుదిపితే ముల్లు అబద్ధం చెబుతుంది" అంటోంది.

పగిలిన చప్పుడు ముందు రాలేదు. ముందు ఓ అరుపు వచ్చింది, గంటది. "పట్టుకో! ఏయ్, పట్టుకో!" ఆ తర్వాత లారీడు కంకర ఒక్కసారి దిమ్మరించినట్టయింది.

ఆమె పరుగెత్తింది. ప్యాకింగు గది అవతలి చివర ఉంది, అయినా ఆమె కన్నా ముందు అక్కడికి చేరినవాడు ఉడుం. గాజు పెంకుల మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. తమ్ముడు గోడకి జారగిలబడి ఉన్నాడు. తొడ మీద ప్యాంటు చీలి, లోపల్నుంచి నెత్తురు ఊటలా పొంగుతోంది. ఉడుం రెండు బొటనవేళ్ళూ ఆ గాయం లోపల నొక్కి పట్టుకున్నాడు.

"నేను పట్టుకున్నాన్రా. నేను పట్టుకున్నా. కదలకు" అంటున్నాడు. అదే మాట, మళ్ళీ మళ్ళీ.

గంట గోడ పక్కన నిలబడి తల బాదుకుంటున్నాడు. "వదిలేశాడు మేడం. బరువు కూడా పూర్తిగా పడలేదు. మలుపు దగ్గర చేతులు వాటంతటవే తెరుచుకుపోయాయి. నేను చూశా. వేళ్ళు తెరుచుకుపోయాయి."

ఆమె మొగుడి చేతులకేసి చూసింది. గ్లౌజులు ఊడిపోయి ఉన్నాయి. రోజూ చూసే చేతులే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాల్సిన కండ లేదు. అక్కడ ఎవరో గరిటెతో తోడేసినట్టు గుంట. రోజూ ఎన్నో చేతులు చూసే మనిషి. ఆ గుంట అంటే ఏమిటో ఆమెకి చెప్పాల్సిన పని లేదు.

అంబులెన్సు వచ్చేదాకా, అది ఆసుపత్రికి చేరేదాకా, ఆపరేషను గది తలుపు దగ్గర నర్సు "ఇక వదలండి, మేం చూసుకుంటాం" అనేదాకా ఉడుం వేళ్ళు తీయలేదు. ఏటవాలులో సగం దూరం నిలబెట్టలేని చేతులు అంతసేపు ఎలా పట్టాయో డాక్టర్లకీ తెలియదు, ఆయనకీ తెలియదు. వదిలాక మాత్రం ముడుచుకున్న వేళ్ళు తెరుచుకోలేదు. నర్సు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

వరండాలో ఆయన చేతులకి మందు రాసి కట్టు కట్టారు. కొలతలమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాది దాటింది" అన్నాడు ఉడుం. "మొదట గ్లౌజు తొడుక్కోవడం ఆలస్యమయ్యేది. తర్వాత మలుపు దగ్గర నా వైపు బరువు ఎక్కువ పడటం మొదలైంది. ఓ రోజు అడిగా. పక్కకి తీసుకెళ్ళి చేతులు చూపించాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు అమ్మాయ్."

"మీరు వెనక చివర పట్టుకున్నది అందుకా?"

"నేను వెనకుంటే వాడు ముందు ఊరికే చెయ్యి వేసి నడిస్తే చాలు. మొత్తం నేనే నెట్టుకొచ్చేవాణ్ణి. నా చేతులు అరిగిపోయింది అక్కడే. నీ ముల్లు తప్పు చెప్పలేదు. ఇంకో నెల అలాగే లాగి ఉంటే ఇద్దరం అద్దం కిందే ఉండేవాళ్ళం."

"మరి పెన్సిలు ఎలా పాస్ చేశాడు?"

"కుదుపు" అన్నాడు ఉడుం తల దించుకుని. "పిడి వదులుగా పట్టుకుని, కాళ్ళతో ఒక్క కుదుపు ఇస్తే ఎర్రది పైకి ఎగురుతుంది. నేనే నేర్పా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నాకెందుకు చెప్పలేదు? కట్టుకున్నదాన్ని. ఈ పని చేసేదాన్ని. నాకు తప్ప ఇంకెవరికి చెప్పాలి?"

"నీకే వద్దన్నాడు. నువ్వు తనని చూసే చూపు మారిపోతుందట. కొలిచే చూపు చూస్తావట. తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, నీ కూతురి తల మీద." ఉడుం కట్టు కట్టిన చేతుల్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. "మా నాన్న జ్వరంతో పోయాడని నీకు చెప్పాం. కాదు. ఇదే. చేతులతో మొదలై, కాళ్ళకి దిగి, ఆఖరికి గుటక వేయడం కూడా చేతకాకుండా పోయాడు. వీడు చిన్నవాడు, పక్కనే కూర్చుని అన్నం ముద్దలు పెట్టేవాడు. అంతా చూశాడు."

కొలతలమ్మ రోజూ ఉదయం అతను గడ్డం ఎత్తి నిలబడటం, తను మురిసిపోవడం, తోడికోడలితో కలిసి నవ్వడం తలుచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఏడుపు రాలేదు.

తమ్ముడు బతికాడు. తొడ గాయం మానింది, కుంటుతూ నడుస్తున్నాడు. చేతులకి మాత్రం మందు లేదని నరాల డాక్టరు తేల్చేశాడు. కండ తగ్గకుండా ఆపలేం, కాస్త నెమ్మదించేట్టు చూద్దాం అన్నాడు. ఉడుం చేతులు విశ్రాంతి ఇచ్చాక కుదుటపడ్డాయి. ఆయనకా జబ్బు లేదట. ఒక కడుపున పుట్టినవాళ్ళలో ఒకరికి వస్తుంది, ఒకరిని వదిలేస్తుంది, బొమ్మా బొరుసూ లాంటిదని డాక్టరు చెప్పాడు. చెప్పి, చూపు పిచ్చుక వైపు తిప్పాడు. అది కుర్చీ కింద దూరి ఏదో వెతుకుతోంది.

"కావాలంటే పాపకి రక్తపరీక్ష చేయించొచ్చు. వస్తుందో రాదో ఇప్పుడే తెలిసిపోతుంది. చేయించకపోయినా తప్పు లేదు. తెలిసినా మనం చేయగలిగింది పెద్దగా ఉండదు."

"వద్దు" అన్నాడు తమ్ముడు వెంటనే.

ఉడుం కొలతలమ్మ వైపు చూశాడు. ఆమె ఏం చెబుతుందో అందరికీ తెలుసు. కొలవకుండా ఏదీ నమ్మని మనిషి.

"వద్దు" అంది ఆమె.

ఇప్పుడు మొగుడికి అన్నం ఆమే కలిపి పెడుతుంది. ఫ్యాక్టరీకి వెళుతుంది, గొలుసు లాగిస్తుంది, పెద్ద అద్దాలకి ఎవరు పనికొస్తారో చెబుతుంది. కుదుపు ఇచ్చినవాణ్ణి పలక మీదినుంచి దించేస్తుంది. మొగుడు చూపు మారిందేమోనని ఆమె ముఖంలోకి తొంగి చూస్తుంటాడు. అతన్ని చూసేటప్పుడు మారకుండా ఉండటం ఆమె బాగానే నేర్చుకుంది.

పిచ్చుక విషయంలోనే చేతకావడం లేదు. నిన్న ఉదయం అది స్కూలుకి తయారవుతూ, తడి తువ్వాలు బకెట్లోంచి తీసి పిండుతోంది. నీళ్ళు ధారగా కారాయి. మళ్ళీ మెలిపెట్టింది. ఈసారి చుక్కలు చుక్కలుగా. అక్కడితో ఆపి, చేతులు దులుపుకుని, వేళ్ళు ముడిచి తెరిచింది.

"ఏంటమ్మా, అలా చూస్తావ్?"

"ఏం లేదు, ఆరెయ్యి" అంది కొలతలమ్మ. పొయ్యి వైపు తిరిగిపోయింది. అటు తిరిగినా చెవులు మాత్రం వెనకాలే ఉన్నాయి, పిల్ల చేతిలోంచి ఏదైనా జారి కింద పడుతుందేమోనని.